అడగకుండా పెట్టిన సంతకం

మా బావ ఎమ్మెల్యే పదవికి ఇండిపెండెంటుగా నామినేషన్ వేశాడన్న సంగతి ఊళ్లో అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకే. ఆ నామినేషన్ కాగితం మీద నా సంతకం ఉందన్న సంగతి అంతకంటే ఆలస్యంగా, ఎన్నికల ఆఫీసు నుంచి వచ్చిన మనిషి చెబితే తెలిసింది.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న పల్లె. బావ అంటే మా మేనత్త కొడుకు. మా ఆయనా అతనూ ఏటా గుజరాత్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేసేవారు. మా ఊళ్లో పడవలు వచ్చి ఆగే జెట్టీ లేదు. పడవ ఒడ్డుకు రావాలంటే పెద్ద పెద్ద కెరటాల మీదుగా రావలసిందే. కాస్త అటూ ఇటూ అయితే పడవ తిరగబడుతుంది. బావకున్న ఒక్క పడవా అలాగే ముక్కలైంది. అందుకే గుజరాత్ పోయాడు. మూడు నాలుగేళ్లు అలా పనిచేసి, అక్కడి రేవులు చూసి చూసి, "మనకేల లేదు ఇలాటిది?" అనుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చినప్పటి నుంచీ జెట్టీ మాట తప్ప వేరే మాట లేదు. ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎవరూ పట్టించుకోకపోయేసరికి ఎన్నికల్లో నిలబడతానన్నాడు.

నేను ఇంటి అరుగు మీద మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. ఆ రోజు జాకెట్టుకు చేతులు కుడుతుంటే జీపు ఆగింది. అందులోంచి దిగిన మనిషి నా పేరు అడిగి, "మీరు ఫలానా అభ్యర్థిని ప్రతిపాదించారు కదమ్మా? సంతకం మీద అభ్యంతరం వచ్చింది. ఒకసారి ఆఫీసుకు రావాలి" అన్నాడు.

పార్టీ లేని అభ్యర్థిని పదిమంది ఓటర్లు ప్రతిపాదించాలట. పదిమందీ సంతకాలు పెట్టాలట. ఆ సంగతి నాకు దారిలో ఆయనే చెప్పాడు. నేను ఏ సంతకమూ పెట్టలేదని ఆయనతో అనలేదు. ముందు బావను చూడాలనిపించింది.

బావ ఆఫీసు వరండాలో గోడకు ఆనుకుని నిల్చున్నాడు. నన్ను చూడగానే గబగబా వచ్చాడు.

"నీదేనని సెప్పే. ఒక్క మాట. అంతే."

"నానెప్పుడు పెట్టినాను బావా?"

"టైము లేకపోయింది. రేపు ఆకరి రోజు అనగా కాగితం నా సేతికొచ్చినాది. సగంమంది ఊళ్లో లేరు. అందరూ మనోళ్లే కదా అని పదిమందివీ మేమే పెట్టేసినాం."

"నాను ఊళ్లోనే ఉన్నాను కదా. నాలుగిళ్ల అవతల."

అంతలో లోపలి నుంచి నన్ను పిలిచారు.

బల్ల మీద కాగితం పెట్టి చూపించారు. ఓటరు జాబితాలో నా నంబరు సరిగ్గానే ఉంది. పక్కన నా పేరు, గుండ్రంగా, ముచ్చటగా. నా అక్షరాలు అంత బాగుండవు. ఆ అధికారి వయసులో చిన్నవాడు. నిదానంగా అడిగాడు. "అమ్మా, ఇది మీరు పెట్టిన సంతకమేనా? బాగా చూసి చెప్పండి."

గుమ్మం దగ్గర బావ ఉన్నాడని తెలుసు. తల తిప్పలేదు. జెట్టీ గుర్తొచ్చింది. కెరటాల మీద మా ఆయన గుర్తొచ్చాడు. అవునని చెప్పినా అబద్ధమని పట్టేవాళ్లు ఎవరుంటారు? కానీ ఆ గుండ్రటి అక్షరాలను చూస్తుంటే, నేను లేనప్పుడు ఎవరో నా చీర కట్టుకుని ఊళ్లో తిరిగొచ్చినట్టు అనిపించింది.

"కాదు సార్" అన్నాను.

మరో ఇద్దరు కూడా తమవి కావన్నారు. నామినేషన్ తీసేశారు. దొంగ సంతకాలని బావ మీదా, వాటిని పెట్టిన అతని స్నేహితుడి మీదా పోలీసు కేసయింది. ఎన్నికలు జరిగిపోయాయి. ఎవరో గెలిచారు. కేసు మాత్రం మిగిలింది.

తర్వాత వచ్చిన రోజులు మంచివి కావు. మేనత్త నాతో మాట మానేసింది. బోరింగు దగ్గర నేను బిందె పెడితే తన బిందె తీసుకుని వెళ్లిపోయేది. "సొంత బావని కోర్టుకీడ్సినాది" అని ఆడవాళ్లు నాకు వినపడేటట్టే అనుకునేవారు. కుట్టుపని తగ్గిపోయింది. మా ఆయన గుజరాత్ నుంచి ఫోన్ చేసి, "ఏటైనాదే?" అని అడిగాడు. జరిగింది చెప్పాను. ఫోన్లో అలల చప్పుడు వినిపించింది. "నువ్వు పెట్టలేదు కదా. పెట్టలేదని సెప్పినావు. అంతే కదేటి" అన్నాడు. ఆ మాటే పట్టుకుని ఆ ఏడాదంతా గడిపాను.

విచారణకు పిలుపు రావడానికి చాలా కాలం పట్టింది. కోర్టులో బోనెక్కి, ఆ కాగితాన్నే మళ్లీ చూసి, ఆ మాటే మళ్లీ చెప్పాను. బావ తరఫు వకీలు, "కంగారులో మీరే పెట్టి మర్చిపోయారేమో" అన్నాడు. నేను బదులు చెప్పేలోగా బావ లేచి నిల్చున్నాడు.

"ఒగ్గీండి బాబూ. ఆవిడ పెట్టలేదు. నానే పెట్టించినాను."

వకీలు తల పట్టుకున్నాడు. మేజిస్ట్రేటు ఒక ఆడమనిషి. ఆమె కలం ఆపి, అతని వైపు చాలాసేపు చూసింది. "మీరేం చెబుతున్నారో తెలిసే చెబుతున్నారా?" అని అడిగింది. తెలుసన్నాడు.

నేరం రుజువైందన్నారు. ఇక శిక్ష ఎంతన్నదే మిగిలింది. దాని కోసం ఇంకో రోజు వేశారు.

ఆ రోజు కోర్టు వరండాలో రెండు వైపుల నుంచీ మనుషులు నా దగ్గరకు వచ్చారు. ముందు వచ్చింది, ఎన్నికల్లో అభ్యంతరం చెప్పిన అభ్యర్థి తాలూకు మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. "సూడమ్మా, నీకు అన్యాయం జరిగినాది. రెండేళ్లకి తగ్గకుండా పడాలని గట్టిగా సెప్పు. అంత పడితే శానా ఏళ్లు పోటీకి పనికిరాడు" అన్నాడు. నాకు జరిగిన అన్యాయం మీద అతనికెందుకంత బాధో అప్పుడు అర్థమైంది. అతను వెళ్లగానే మావాళ్లలో ఒక పెద్దాయన వచ్చాడు. "అమ్మీ, నీకేటీ బాధ లేదని సెప్పేయ్. సంతకమే కదా, పొలం రాసీలేదు కదా" అన్నాడు.

ఇద్దరూ నా నోట్లో మాట పెట్టడానికే వచ్చారు. నీకేమనిపిస్తోందని మాత్రం ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు.

లోపల ప్రభుత్వ వకీలు కఠినమైన శిక్ష వేయాలన్నాడు. బావ తరఫు వకీలు మొదటి తప్పు, పేదవాడు, వదిలేయమన్నాడు. అప్పుడు మేజిస్ట్రేటు, ఎవరి పేరున దొంగ సంతకాలు పెట్టారో వాళ్లలో ఎవరైనా వచ్చారా అని అడిగింది. నేను లేచాను.

"మీరేమైనా చెప్పాలనుకుంటున్నారా?"

"సెప్తానమ్మా. నాకు బాధ ఉన్నాది. లేదని సెప్పను. నా పేరు నన్నడక్కుండా రాసేసినాడు. సిన్న తప్పని ఎవరన్నా నానొప్పుకోను. గాని ఈడ్ని జైల్లో ఎట్టీస్తే నాకేటొస్తాది? ఈడు ఎవరి సొమ్మూ తినలేదు. ఎవుర్నీ కొట్టలేదు. అడగడం నేర్సుకోలేదు. అది నేర్పీ శిచ్చేదైనా ఉంటే ఎయ్యండి."

కోర్టులో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. ఏదో రాసుకుంది. శిక్ష ఆ రోజు చెప్పకుండా, ఈ మనిషి గురించి ఊళ్లో విచారించి రమ్మని ప్రొబేషన్ అధికారికి చెప్పింది. జైలుకు పంపకుండా ఒక మనిషిని బాగు చేయవచ్చో లేదో చూసి కోర్టుకు చెప్పే ఉద్యోగం ఆయనది. అలాంటి ఉద్యోగం ఒకటుందని మా ఊళ్లో ఎవరికీ తెలియదు.

ఆయన ఒక ఉదయం బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల పక్కన ఇసుకలోనే కూర్చుని మాట్లాడాడు. నా అరుగు మీదకూ వచ్చాడు. "ఇతనికి మళ్లీ ఎన్నికల్లో నిలబడే అవకాశం ఇవ్వొచ్చంటారా?" అని అడిగాడు. "ఇస్తే మేం ఓటెయ్యాలో లేదో మేం సూసుకుంటాం కదా బాబూ. అది మా పని" అన్నాను. ఆయన తల ఊపి, మంచినీళ్లు తాగి, మేనత్త ఇంటివైపు వెళ్లాడు.

తీర్పు రోజున మేజిస్ట్రేటు తెలుగులో, అందరికీ అర్థమయ్యేలా చెప్పింది. "ఇది చిన్న నేరం కాదు. ఒక మనిషి సంతకం అంటే ఆ మనిషి మాట. దాన్ని దొంగిలించి ప్రజాప్రతినిధి కావాలనుకోవడం ఇంకా పెద్ద తప్పు. అందుకే నేరం రుజువైనట్టే ఉంటుంది, చెరిగిపోదు. కానీ శిక్ష నేరానికి తగినంత ఉండాలి. ఎవరి రాజకీయ అవసరానికో తగినంత కాదు. ఇతని స్థానంలో పెద్ద పార్టీ అభ్యర్థి ఉన్నా, ఇవే పరిస్థితుల్లో ఇదే చెబుతాను."

ఏడాదిపాటు మంచి నడవడితో ఉంటానని బావ పూచీకత్తు రాసివ్వాలి. ప్రొబేషన్ అధికారి కనుసన్నల్లో ఉండాలి. తప్పితే మళ్లీ పిలిచి జైలు శిక్ష వేస్తారు. సంతకాలు పెట్టిన స్నేహితుడికీ అదే. అన్నిటికంటే ముందు, ఆ పదిమంది ఇళ్లకూ వెళ్లి, చేసిన తప్పు చెప్పి క్షమాపణ అడగాలి.

తెల్లచొక్కా మనిషి విసురుగా బయటికి పోయాడు. మా ఊళ్లో మాత్రం టీ బడ్డీ దగ్గర చాలా రోజులు వాదన నడిచింది. "పెద్దోడైతే అసలు కోర్టు దాకా వచ్చునా?" అని ఒకరంటే, "ఈడు దొరికినాడు కాబట్టి ఈడికి" అని ఇంకొకరు. నాకైతే ఆ మేజిస్ట్రేటు మాట నమ్మాలనిపించింది, నమ్మాను.

బావ మా ఇంటికి వచ్చిన రోజు ప్రొబేషన్ అధికారి కూడా వెంట ఉన్నాడు. కాసేపు మాట్లాడి, ఆయన కావాలనే వీధిలోకి వెళ్లి నిల్చున్నాడు. బావ అరుగు కిందే నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తప్పైపోనాది" అన్నాడు.

"నాలుగిళ్లే కదా బావా. ఏల రాలేకపోయినావు?"

నేల చూస్తూ అన్నాడు. "అడిగితే కాదంటావేమోనని. నువ్వే కాదు, ఎవులైనా. ఒకరు కాదంటే నాకు దైర్నం పోతాదని బయమేసినాది. అడక్కపోతే కాదనీవోళ్లుండరు కదా."

పదిమంది మద్దతు ఉందని కాగితం మీద రాసుకున్న మనిషి, ఒక్కరు కాదంటారన్న భయంతో ఆ పని చేశాడన్నమాట. నాకు కోపం రాలేదు. ఏళ్ల తర్వాత మొదటిసారి అతని మీద జాలి కలిగింది.

"అడిగుంటే పెట్టీదానివా?" అని అతనే అడిగాడు.

"ఏమో బావా. అడిగుంటే కదా తెలిసీది."

అతను నవ్వాడు. టీ పెట్టాను. ఈసారి కూర్చున్నాడు.

ఆ ఏడాది గడిచింది. మేనత్త ఒక రోజు ఏమీ జరగనట్టే వచ్చి, చిరిగిన లంగా నా మిషను మీద పడేసి, "బేగి కుట్టీయే" అంది. అంతకు మించి మాటలేమీ జరగలేదు. నాకూ అవసరం అనిపించలేదు.

పంచాయతీ ఎన్నికలొచ్చినప్పుడు బావ నిలబడలేదు. నిలబడమని కొందరన్నారు. "ముందు జెట్టీ. తర్వాత సూద్దాం" అన్నాడు. జెట్టీ కావాలని ఊరందరి తరఫున ఒక అర్జీ రాయించాడు. ఈసారి ఇల్లిల్లూ తిరిగాడు. వేటకు వెళ్లినవాళ్ల కోసం ఒడ్డున కూర్చుని ఎదురుచూశాడు. గుజరాత్‌లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి అర్జీ చదివి వినిపించి, వాళ్లు వచ్చాకే పెట్టించుకుంటానని జాగా వదిలాడు. కొందరు కాదన్నారు. జెట్టీ వస్తే పెద్ద బోట్లవాళ్లు వచ్చి మా చేపలన్నీ ఊడ్చుకుపోతారని వాళ్ల భయం. బావ వాళ్లతో వాదించకుండా, ఆ భయాన్ని కూడా అర్జీలో ఒక పేరాగా రాయించాడు.

ఎక్కువ ఇబ్బంది పెట్టింది మేనత్తే. ఆ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. ఆమె ఒడ్డున ఎండబెట్టిన చేపలు తట్టలోకి ఎత్తుతోంది. బావ పక్కన గొంతుక్కూర్చుని, అర్జీ ఆమె ముందు పెట్టి, వేలిముద్రకు సిరాబిళ్ల తెరిచాడు.

"ముందు సదువు" అంది.

చదివాడు.

"మళ్లీ సదువు. నిమ్మదిగా."

మళ్లీ చదివాడు.

"ఇందల పడవలున్నాయి, మగోళ్లున్నారు. సేపలెండబెట్టుకోడానికి మాకు జాగా ఏదిరా? జెట్టీ కట్టీసి ఈ ఇసకంతా మీరే తీసుకుంటే మేమెక్కడికెళ్లాల? సిమెంటు గచ్చు కావాలని రాయి. ఒక షెడ్డు కూడా రాయి, వానొస్తే."

"అమ్మా, టైపు సేయించీసినాను. ఇప్పటికే సగం ఊరు సంతకాలెట్టినారు."

"అయితే ఆళ్లందరికీ మళ్లీ సదివి ఇనిపించు. నానడిగింది లేకండా నా ఏలు ముద్ర పడదు."

బావ నా వైపు చూశాడు. నేను తట్టలోని చేపల వైపు చూశాను, నవ్వు ఆపుకుంటూ. అతను సిరాబిళ్ల మూసి జేబులో వేసుకున్నాడు. కాగితం మడతపెట్టి, ప్యాంటుకంటిన ఇసుక దులుపుకుని, ఆఖరి బస్సు పోకముందే టైపు షాపుకు చేరాలని రోడ్డువైపు పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్లాడు.

"షెడ్డు మర్సిపోకు!" అని మేనత్త వెనక నుంచి కేకేసింది.