రాజుగారి కడుపునొప్పి

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో ఉండే సుఖమే అది. డెబ్బయ్యో దశకంలో బాపట్ల పక్క పల్లె నుంచి నర్సు ఉద్యోగానికి ఒమాన్ వెళ్లి, అల్ సువైక్‌లో ఒక ఆసుపత్రిలో నాలుగు నెలలు పనిచేసేసరికి, ఆ ఖర్జూర తోటల వెనక ఎవరింట్లో ఏం జరుగుతోందో కూడా చెప్పగలననుకునేదాన్ని. (అరబ్బీలో నాకు వచ్చినవి మాత్రం పాతిక మాటలు. అవీ వార్డులో రోగులతో అనేవే.)

ఆ ఏడు రంజాన్ పండుగకి ఆసుపత్రి ఆవరణలో ఊరివాళ్ల కోసం వినోదం పెట్టారు. మలయాళీ నర్సులు పాటలన్నారు. తెలుగువాళ్ల సంగతేమిటని అడిగితే, నా రూమ్‌లో ఉండే పెద్దక్క (ఆపరేషన్ థియేటర్ నర్సు, ఒప్పుకున్నాక ఆలోచించే మనిషి) నాటకం వేస్తామని చెప్పేసింది. "తెలుగు నాటకం ఇక్కడెవరికి అర్థమవుద్దక్కా?" అన్నాను. "కడుపునొప్పి ఎవరికైనా అర్థమవుద్ది. రాజు మిఠాయిలు తెగ మింగాడు. నేను వైద్యుణ్ణి. నువ్వు మూలుగుతా ఉండు, చాలు" అంది. వాయించడానికి పక్కనే రోడ్డు సైట్‌లో పనిచేసే కరీంనగర్ అన్న వచ్చాడు. డప్పు లేక నూనెడబ్బా తెచ్చుకున్నాడు. మొదటి రిహార్సల్ చూసి లోపం పట్టింది ఆయనే. "అంత మంచిగనే ఉన్నది చెల్లె. గని రాజు లెక్క కనవడ్తలేవు. డ్యూటీల నర్సుకు కడుపు నొస్తున్నట్టున్నది."

రాజుకి అంగీ కావాలి. సెలవు రోజు ఆసుపత్రి వ్యాన్‌లో మస్కట్ వెళ్లాం. అక్కడ కొందరు దొరసానులు పాత బట్టలూ సామాన్లూ పోగుచేసి అమ్మి, వచ్చింది బీదలకిచ్చే దుకాణం ఒకటి నడిపేవారు. మూత పోయిన టీ కూజా, మంచులో వేసుకునే బూట్లు (ఒమాన్‌లో), చెయ్యి విరిగిన బొమ్మ, వీటన్నిటి కింద దొరికింది: ముదురెరుపు మఖ్మల్ అంగీ, మడమల దాకా, నడుముకి బంగారు రంగు తాడు. మోచేతులు అరిగిపోయాయి. పెద్దక్క వాసన చూసి, "పొగాకు. మగాడిదే" అని తేల్చింది. జేబులో చెయ్యి పెడితే మడత కాగితం తగిలింది. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో అరబ్బీ మాటలు, పక్కన అర్థాలు. భయపడకు. ఇంకొంచెం దగ్గరికి రా. ఊపిరి గట్టిగా తీసుకో. ఎన్నాళ్లుగా ఇలా ఉంది?

ఎవరో దొర ఇక్కడి పిల్లతో మాట్లాడ్డానికి రాసుకున్నాడని తేల్చేశాం; తిరుగు ప్రయాణమంతా అదే కథ. ఎవడా దొర, ఎవరా పిల్ల? అతనికి ముప్పై ఏళ్లనీ, నీలికళ్లనీ నేను చెప్పాను. పిల్ల తండ్రి ఒప్పుకోలేదనీ, ఇతను అంగీ దానం చేసి ఓడెక్కేశాడనీ పెద్దక్క చెప్పింది. "ఎన్నాళ్లుగా ఇలా ఉంది" దగ్గరికొచ్చేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంది. "భాష రాకపోయినా ఎంత తాపత్రయపడ్డాడో సూడవే."

పండుగ నాడు సాయంత్రం ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు, ముందు వరసలో మా పెద్ద డాక్టరు, ఆయన భార్య. డాక్టరు ఇంగ్లీషాయన. వచ్చి రెండేళ్లయినా అరబ్బీ ముక్క పలకడు, రోగితో ఏం చెప్పాలన్నా మధ్యలో ఎవరో ఉండాలి. గర్వమని మా అందరి తీర్పు. నూనెడబ్బా మోగింది. నేను కాటుక మీసంతో, మఖ్మల్ ఈడ్చుకుంటూ వచ్చాను. డాక్టరు కాఫీ కప్పు నోటి దగ్గరే ఆగిపోయింది. కుర్చీలోంచి సగం లేచి అంగీని చూశాడు, తర్వాత భార్యని చూశాడు. ఆవిడ చేతిలోని ఖర్జూరాన్ని ఎంతో శ్రద్ధగా పరీక్షిస్తోంది. అంగీ ఎవరిదో నాకు అర్థమైంది. మూలుగు ఆగిపోయింది.

"మూలగవే" అంది పెద్దక్క పళ్లు బిగించి. నావల్ల కాలేదు. ఆవిడకీ మాటలు పోయాయి. చివరికి నా పొట్ట మీద చెయ్యి వేసి, బుర్రలో మిగిలిందేదో గట్టిగా అనేసింది. "లా తఖాఫ్." భయపడకు. అంతవరకూ మర్యాదకి చూస్తున్న జనం గొల్లుమన్నారు. ఆవిడకి ఊపొచ్చి కాగితంలోవన్నీ వరసగా అంటూంటే, ఆడవాళ్లలోంచి ఎవరో లేచి రాజుగారికి ఏదో కషాయం కూడా చెప్పింది. ఊపిరి తీసుకోమన్న మాట దగ్గర నాకు సంగతి తట్టింది. అవి నేను రోజుకి ఇరవైసార్లు వార్డులో అనే మాటలే. పిల్లా లేదు, ఓడా లేదు. ముందు వరసలో డాక్టరు పెదవులు ఒక్కో మాటకీ పెద్దక్కతో పాటు కదులుతున్నాయి.

నాటకం అయ్యాక ఆయన తెర వెనక్కి వచ్చాడు. ఉద్యోగం పోయిందనుకుని, అంగీ విప్పి అందించాను. "జేబులో ఒక కాగితం ఉండాలి" అన్నాడు మెల్లగా. ఇచ్చాను. "తప్పు పలికితే నవ్వుతారని, ఇంట్లో ఒక్కణ్నే చదువుకుంటున్నాను. ఎవరితోనైనా చెప్పావా?" లేదన్నాను. (వ్యాన్ డ్రైవరుతో కలిపి తొమ్మిదిమందికి చెప్పాను.) అంగీ మాత్రం తీసుకోలేదు. "నీకే బాగుంది. నా భార్యకి కూడా అది నా ఒంటి మీద తప్ప ఎక్కడున్నా ఇష్టమే."

మరుసటి వారం వార్డులో ఒక ముసలమ్మ మంచం దగ్గర ఆయన ఆగాడు. గొంతు సవరించుకుని, చెవులు ఎర్రబడుతుండగా, ఎన్నాళ్లుగా ఇలా ఉందని అరబ్బీలో అడిగాడు. ముసలమ్మ నవ్వలేదు. లేచి కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, రెండేళ్లుగా ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. మధ్యలో ఒకసారి ఏడ్చింది, ఒకసారి నవ్వింది. డాక్టరు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. ఇద్దరం తలలూపాం. నా అరబ్బీ బాగుపడేనాటికి ఆవిడ కోలుకుని తన ఊరు వెళ్లిపోయింది. ఆ రోజు ఏం చెప్పిందో అని, ఇన్నేళ్ల తర్వాత కూడా ఒక్కోసారి కూర ముక్కలు తరుగుతూ ఆగిపోతుంటాను.