వెలగని చెంప

ఎక్స్‌రేకి బళ్లారి పోవలసిన ఆ రోజుల్లో, మోక ఊరి డాక్టరుగారు రోగి నోట్లో సన్న టార్చిలైటు పెట్టేముందు తన నోట్లో పెట్టుకునేవారు. చీకటిగదిలో రెండు చెంపలూ ఎర్రగా వెలిగితే మంచిదే. వెలగని పక్క లోపల చీము ఉన్నట్టు.

చెంపనొప్పితో వెళ్లిన మా అమ్మతో, "భయం వద్దమ్మా, ముందు నాది చూసి చెప్పు," అని టార్చి నోట్లో పెట్టుకున్నారు.

"కుడిపక్క దానిమ్మగింజ మాదిరి ఉండాది సామీ. ఎడమపక్క నల్లగుండాది," అంది అమ్మ.

ఆయన టార్చిని స్పిరిటుతో తుడిచి, "ఎంగిలి పోయిందిలే, నోరు తెరువు," అన్నారు. అమ్మ చెంపలు రెండూ వెలిగాయి.

బస్సులో అమ్మ, "ఆయప్పకు ఎవరు మందిస్తారప్పా?" అని నన్నడిగింది.

మా భయం తీర్చడానికే అలా చేసేవారో, తన సంగతి మా నోట వినడానికో, నాకిప్పటికీ తెలియదు. ఆయన వెనక గోడకు అద్దం ఉండేది. ఎన్నిసార్లు వెళ్లినా ఆయన అటు తిరగడం చూడలేదు.