బతికుండంగా అడిగుంటే చెప్పుండేవాడు

నా కొడుకు బెంగళూరులో పోయినాడన్న సంగతి నాకంటే ముందు ఊరికి తెలిసింది. కంపెనీవాళ్ళు ఫోను అంగడికి చేసినారు. అంగడి ఆయప్ప చెప్పలేక మా వాకిట్లో చెప్పులు విడిచినాడు, మళ్ళీ తొడుక్కున్నాడు. కామెర్లు ముదిరి పోయినాడంట. ఇరవైయారేండ్లు. నెల గూడా కాలేదు. నేను నాలుగో తరగతి చదివినదాన్ని. తప్పులుంటే ఉండనీ, చదవండి.

వాడి పని కంప్యూటర్లలో. ఏం పనిరా నీదని అడిగిన దినం బాగా గుర్తుండాది. విత్తనానికని రెడ్డోళ్ళ ఇంట్లో శనక్కాయలు ఒలస్తా ఉన్నాము. వాడు నా పక్కన కూర్చొని, ఒలిచినట్ల చేస్తా సగం నోట్లో వేసుకుంటా ఉన్నాడు. చిన్నప్పటినుంచి అదే అలవాటు.

"మా, డబ్బా నిండినాకనే గదా మేస్త్రి నీ పేరు ముందర గీత గీసేది? మిషను నడుమ కెర్నలని ఒకటుంటుంది. అదీ అంతే. ఒక పని ముగిసినాకనే, ఇది ఫలానావాళ్ళది, ఇంతసేపు నడిచింది అని రాసి ఫైల్లో పెడుతుంది. లోపలికి ఎవర్నీ రానీదు. బయట ప్రోగ్రాములు ఆ ఫైలు చదువుకోవాల్సిందే."

"డబ్బా సగముండంగా వానొచ్చి లేపేస్తే?"

"ఈడ వాన యాడొస్తుందిలే మా."

"నవ్వద్దు. ఆ సగానికి నా వేళ్ళు నొయ్యలేదా?"

వాడు నవ్వడం ఆపినాడు. "నేను చేసేది అదేమా. పని నడస్తా ఉండంగానే బయట ప్రోగ్రాము అడగాల, కెర్నలు బదులియ్యాల. ముగిసినప్పుడు తానే కబురు పంపాల. అడిగితే చెప్పాల గదా."

ఆ మాట ఎప్పుడూ వాడి నోట్లో నానేది. బస్సు ఎందుకు నిలిపినాడో కండక్టరు చెప్పకపోయినా అదే అనేవాడు. కండ్లు పచ్చబడినాయని మాత్రం నాకు చెప్పలేదు. అందుకు వాడిమీద గూడా నాకు కోపమే. యాడికి పోయి తిట్టాల?

పదకొండో దినం మేనేజరు కారులో వచ్చినాడు. ఆఫీసులో వాడి పక్కన పనిచేసే ఆడపిల్ల గూడా వచ్చింది. మేనేజరు చాప మీద కూర్చొని, చాలా మంచివాడమ్మా అన్నాడు. తర్వాత ఊరికే ఉండలేకపోయినాడు.

"ఆఖరి పది దినాలూ మిషను రాసిచ్చే పట్టీలో చిల్లర పనులు తప్ప ఏమీ లేవు. ఊరికే కూర్చున్నాడనుకున్నాము. ఊరికి పోతానంటే, పని కనబడినాక పో అన్నాను. ఇంత జబ్బని మాకు తెలీదమ్మా."

వాడు ఇంటికి రావాలనే అనుకున్నాడు. ఒక కాయితం ఆపింది. తలరాత అని ఊరోళ్ళు ఓదార్చినారు నన్ను. తలరాత కాదు, పట్టీ.

ఆ పిల్ల తలొంచుకొనే చెప్పింది. "పట్టీలో ముగిసినవే ఉంటాయి సార్. ఆయన మిషన్లో పెట్టిన పెద్ద పని ఇంకా ముగియలేదు." బ్యాగులోంచి ఒక కాయితం తీసి నా చేతికిచ్చింది. "ఆయన రాసిన ప్రోగ్రాముతోనే మిషన్ని అడిగినానమ్మా. బదులొచ్చింది. ఇదో, ఆయన పేరు. రాత్రీ పగలూ నడస్తానే ఉండాది."

"ఈ మాట అప్పుడే ఎందుకు చెప్పలేదు తల్లీ?"

"మీ కొడుకే చెప్పినాడమ్మా. ఉండే పట్టీ చాలని ఈ సారే అన్నాడు."

మేనేజరు నడుమ అందుకున్నాడు. "ఆ పని ఆపిస్తానులేమ్మా. ఆగినాక పట్టీలోకి వచ్చేస్తుంది. నీ కొడుకు పని చేసినట్ల అందరికీ కనపడుతుంది."

"నా కొడుకు ఆగిపోయినాక గదా సామీ నువ్వు ఈ ఇంటికొచ్చింది. పది దినాల్లో ఒక్కసారి వాడి పక్కకు పోయి, ఏమప్పా, కండ్లు అట్లున్నాయేమి అని అడగడానికి నీకు ఏ ప్రోగ్రాము కావాల? వాడు చేసింది గూడా చస్తేనే నమ్ముతావా?"

మా ఆడబిడ్డ నా భుజం పట్టుకొనింది. విదిలించుకున్నాను. మేనేజరు కాఫీ ముట్టకుండా లేసి కారుకాడికి పోయినాడు.

ఆ పిల్ల చెయ్యి పట్టుకొని, ఆపనియ్యద్దు తల్లీ అన్నాను. ఎన్నాళ్ళు ఆపనియ్యకుండా చూడగలనో తెలీదమ్మా అనింది. అబద్ధం చెప్పనందుకు ఆ పిల్లను మెచ్చుకోవాల.

వాడి ఆఫీసు గది నేను చూసింది లేదు. కుర్చీ ఖాళీగా ఉంటుంది. దాని ముందర మిషను సన్నగా మోగతా, నా కొడుకు చెప్పిపెట్టిన పని వాడి పేరుమీదనే చేస్తా ఉంటుంది.