బాపు శంఖంల దూరిన ఎండ్రికాయ

నేను చెప్పే ముచ్చట్లల్ల సగం అబద్ధాలు. గది మీకు ఎరుకే. మిగిలిన సగం కూడ జర మసాలా ఏసినయే. కని గిదొక్కటి మాత్రం... నా డీసీఎం బండి స్టీరింగు పట్టుకోని చెప్తున్న, గిది అయింది. హుజూర్‌నగర్ల, నా కిరాయి ఇంట్ల, నేను మెలకువతోని ఉండంగనే అయింది. నవ్వాల్నంటే ఇప్పుడే నవ్వుకోండ్రి.

నా బిడ్డ శిరీష గప్పుడు ఏడో తరగతి. బళ్లె సైన్సు ప్రదర్శన పెట్టిండ్రు. మిగిలిన పిల్లలు అట్టముక్కలతోని అగ్గికొండలు చేస్తుంటే, మా పిల్ల సముద్రపు ఎండ్రికాయల గురించి చెప్తనని పేరిచ్చొచ్చింది. సముద్రం మన ఇంటెనుక ఉందానే అంటే, నువ్వు బియ్యం లోడుతోని చీరాల దిక్కు పోతవు కద నాయినా అన్నది.

పోయిన. లోడు దించిన. వల గుంజేటాయన్ని బతిమిలాడితే నవ్వుకుంట ఐదు పట్టిచ్చిండు. రెండు క్యాన్ల నిండ సముద్రపు నీళ్లు పట్టుకున్న. తెల్లారితే ప్రదర్శననంగ, పొద్దుమూకె యాళ్లకు ఇల్లు చేరిన.

మన చెరువు ఎండ్రికాయల లెక్క కావు గవి. సన్యాసి పీతలంటరని పిల్ల చెప్పింది. ముందు సగమే గట్టి డొప్ప. ఎనక సగం మెత్తటి కండ, కుడి దిక్కుకు వంకర తిరిగి ఉంటది. గా మెత్తటి కడుపు దాసుకోనీకి చచ్చిన నత్తల గుల్లలల్ల దూరుతయి. గుల్లను మోసుకుంటనే తిరుగుతయి. పెరిగినకొద్ది గుల్ల ఇరుకైతది, ఇంకోటి ఎతుక్కోవాలె. సన్యాసి అంటున్నవు, మనలెక్క ఏడాదికో కిరాయి ఇల్లు మారుడేందే అన్న. పిల్ల నవ్వలే. రేపు చెప్పాల్సిందంత నాకు ఒప్పజెప్తాంది. పెద్ద గుల్లొకటి ఖాళీగ దొరికితే ఎండ్రికాయలన్ని పెద్దది ముందు, చిన్నది ఎనక, వరుసగ నిలవడ్తయట. పెద్దది గా ఖాళీ గుల్లలకు మారంగనే దాని పాత ఇంట్లకు రెండోది, దాని ఇంట్లకు మూడోది.

తెచ్చిన ఐదిట్ల ఒకటి నా పిడికిలంత ఉంది. గుల్ల చాలక సగం పెయ్యి బయటనే. దాని ఎడమ కొండి కుడిదానికి రెండింతలు.

"గిది మా బాపే. ఎడమచేతి వాటం" అన్న. నోరు ఊకుండది కద నాది.

బాపు గురించి చెప్పాలె. మా బాపు దాసరి. ఊర్ల ఎవరన్న పోతే పీనుగు ముంగట శంఖమూదుకుంట నడిచేది ఆయనే. పాణం పోయిన ఇంటోళ్లు ఏ రాత్రయినా వచ్చి మా తలుపు కొట్టేటోళ్లు. టక్ టక్ టక్. జర ఆగి, మల్ల టక్ టక్ టక్. చిన్నప్పుడు గా సప్పుడుకు నేను దుప్పట్ల ముడుసుకపోయేటోన్ని. నాకు ఊదుడు నేర్పాలని బాపు మస్తు చూసిండు. నేనూదితే ఫుస్స్... గంతే. ఆఖరికి బాపు పోయిన నాడు కొడుకును నేనే ఊదాలె. అందరి ముంగట నోట్లె పెట్టుకున్న. ఫుస్సుమన్నది. పక్కూరి దాసరిని పిలిపిచ్చిండ్రు. గా నాడు నేను కూడ నవ్విన. ఏం చెయ్యాల్నో తెల్వక.

దినాలైనంక శంఖాన్ని కృష్ణల విడువుమన్నరు మా పెద్దలు. ఇయ్యాల, రేపు అనుకుంట మూడేండ్లు గోడ మొలకే ఉంచిన, ఎర్రగుడ్డల కట్టి.

గా రాత్రి గా గుడ్డ ఇప్పిన.

మామ శంఖం ముట్టకని నా భార్య సుజాత వంటింట్లకెల్లి తిట్టింది. మామకే ఇస్తున్న అనుకుంట ఎండ్రికాయలున్న టబ్బుల ఏసిన. శిరీష మాత్రం తల అడ్డంగ ఊపింది.

"ఊదే శంఖానికి కొస కోస్తరు కద నాయినా. బొక్కున్న గుల్లలకు అది పోదు. ఎనకకెల్లి ఎవరన్న కడుపు పట్టుకుంటరని దాని భయం."

నిజమే. పెద్దది దగ్గరికొచ్చి శంఖాన్ని కొండితోని తడిమింది. లోపలికి కాలు పెట్టి కొలిచింది. పక్కకు జరిగింది. కిరాయి ఎక్కువైందేమో అన్న. అప్పుడు నవ్వింది పిల్ల.

ఇగ ఇంటోళ్లు పండుకునే యాళ్లకు గాలిదుమారం లేసింది. తెలంగాణొచ్చినంక కరెంటు పోవుడే మర్సిపోయినం మేము. గా రాత్రే పోయింది. కరెంటుతోని టబ్బుల బుడగలొదిలే చిన్న మిషనుండె. అది ఆగింది. నీళ్లల్ల గాలి కలవకపోతే వాటి మొప్పలకు ఊపిరాడదు నాయినా, తెల్లారేవరకు ఉండయి అని పిల్ల ఏడ్వబట్టింది. ఆఖరికి ఏడుపాపి, మెల్లగ అన్నది:

"చచ్చిపోతే రేపు నేను బడికి పోను."

నేను ఆరో తరగతిల గిదే మాటన్న. ఒక్క రోజు పోనన్న. గా ఒక్క రోజు ఇంక అయిపోలే.

నువ్వు పండుకో, నీ సన్యాసులకు ఊపిరి నేను పోస్త అన్న. తల్లీబిడ్డ లోపలర్రల పండుకున్నరు. ముందటర్రల టబ్బు పక్కన నేను కూసున్న. టంబ్లరుతోని నీళ్లు ముంచుడు. ఎత్తుకెల్లి పోసుడు. ముంచుడు, పోసుడు. నీళ్లు పైకెల్లి పడ్తే గాలి కలుస్తది కద. ఫోను లైటు జరసేపేసి, జరసేపు ఆపి... చార్జింగు అయిపోతదని. మీకు స్నానం పోసే నౌకరున్నడే, రాజభోగమే అని వాటితోని పరాచికాలాడుకుంట.

గట్ల ఎంతసేపైందో.

టక్ టక్ టక్.

చెయ్యి ఆగింది.

టక్ టక్ టక్.

లేసి తలుపు తీసిన. ఎవ్వరు లేరు. గాలి కూడ పడిపోయింది. ఎనకకొచ్చి లైటేస్తే... ఒక ఎండ్రికాయ ఇంకోదాన్ని పట్టుకోని, తన గుల్లతోని దాని గుల్లను కొడ్తాంది. ఇల్లు ఖాళీ చెయ్యమని గట్ల కొడ్తయట, పిల్ల చెప్పింది. నా మీద నాకే నవ్వొచ్చింది. లైటాపిన. టంబ్లరు కుడి దిక్కు పెట్టిన. కుడి దిక్కే, నా మోకాలు పక్కన. గోడకు ఒరిగి ఒక్క నిమిషం కండ్లు మూసిన.

ఒక్క నిమిషమే...

మెలకువొచ్చేసరికి గలగలమని సప్పుడు.

నీళ్లు పడ్తున్నయి. టబ్బుల. ఆగి... మల్ల. ఆగి... మల్ల. తొందర లేదు. నేను పోసినట్టు కాదది. నేను దబదబ పోస్త. గిది సన్నగ, పొడుగ్గ, మస్తు పైకెల్లి పడ్తాంది. పిల్ల లేసొచ్చిందేమో అనుకోని, శిరీషా అని పిలవబోయి ఆగిన. ఎందుకంటే లోపలర్రల నుంచి పిల్ల ముక్కు గురక వినొస్తాంది. సుజాత గాజులు కూడ గా అర్రలనే ఒక్కసారి సప్పుడు చేసినయి.

మరి గీడ ఎవరు...

చీకటి. ఫోను కోసం చేత్తోని తడిమిన. దొరకలే. నీళ్ల సప్పుడు ఆగింది.

అప్పుడు... భూఁ... అని.

పెద్దగ కాదు. నీళ్ల కిందికెల్లొచ్చినట్టు. మొదలు సన్నగ... నడుమ నిండుగ... ఆఖర్ల కత్తితోని కోసినట్టు తెగింది. గా తెంపుడు నాకెరుక. పీనుగును లేపేటప్పుడు బాపు గట్లనే తెంపేటోడు. ఇంకెవ్వరికి రాదది.

లోపలికెల్లి సుజాత, నిద్ర గొంతుతోని అన్నది:

"ఎవరు పోయిండ్రయ్యా?"

నేను ఫోను కోసం మల్ల తడిమిన.

ఫోను తొడ కిందనే ఉండె. లైటేసిన. ఐదు బతికే ఉన్నయి, మీసాలు ఆడిస్తున్నయి. కని ఏ ఒక్కటి తన గుల్లల లేదు. పెద్దదాని ఇంట్ల రెండోది. దాని ఇంట్ల మూడోది. గట్ల. ఆఖరి చిన్న గుల్ల ఖాళీగ దొర్లుతాంది. పెద్దది శంఖంల కూసుంది. ఎడమ కొండి మూతికి అడ్డం పెట్టుకోని, తలుపేసుకున్నట్టు.

టంబ్లరు... టబ్బుకు అవతల, ఎడమ దిక్కు ఉంది. గా దిక్కే నేలంత తడి.

తెల్లారి సుజాతనడిగితే, నేనేమన్లే, నిద్రల నువ్వే పోసి ఉంటవు అన్నది. శిరీష ఇంకోటి చెప్పింది. శంఖంల ఇరుక్కున్న గాలి, ఎండ్రికాయ లోపలికి జరిగినప్పుడు కొస బొక్కకెల్లి బయటికొచ్చి ఉంటదట. ఉండొచ్చు. చదువుకున్న పిల్ల. మరి బొక్కదాంట్లకు దూరదంటివి కదనే అంటే, మంచి ఇల్లు దొరకని కాడ దూరుతయి నాయినా అన్నది. గది కూడ నిజమే కావొచ్చు. మా వాడకట్టు మొత్తం తిరిగి అడిగిన. గా రాత్రి ఎవ్వరు పోలే.

పిల్ల ప్రదర్శనకు పోయింది. అందరి ముంగట నిలవడి, నత్త గుల్ల కాడికెల్లి మొప్పల దాంక తడవడకుండ చెప్పింది. నేను ఎనక గోడకు నిలవడి చూసిన. మరునాడు కూడ బడికి పోయింది. ఇప్పటికి పోతాంది.

తర్వాతి లోడుకు వాటిని తీస్కపోయిన. శంఖం గుంజుకుందామనుకున్న, కృష్ణల విడువాలె కద. గుంజితే అది రెండు తునకలైతది కని విడువది నాయినా, అని పిల్ల ముందే చెప్పి పంపింది. తడి ఇసుకల పెట్టిన. మూతి బయటికి పెట్టి జరసేపు ఆగింది. అలొచ్చింది. బాపు శంఖం తనంతట తనే నడుసుకుంట నీళ్లల్లకు పోయింది.

ఇప్పుడు మా ఇంట్ల గోడకు ఉత్త మొల ఉంది. కరెంటు పోయిన రాత్రి నేనేం చేస్తనో చెప్తే నవ్వుతరు. ఒక టంబ్లరు నీళ్లు నింపి ముందటర్రల పెట్టి పండుకుంట. తెల్లారంగనే పోయి చూస్త, పెట్టిన కాడనే ఉందా, ఎడమకు జరిగిందా అని.

కని పొద్దుగాల లేసేసరికి... నేను ఏ దిక్కు పెట్టిన్నో నాకు యాదికుండది.