సుగ్గి వాళ్ళు రానీ

పెద్దమ్మ పోయిందని ఎమ్మిగనూరులో నేను పనిచేసే బట్టల అంగడికి ఫోన్ వచ్చింది. చేసింది మా ఊరి పాస్టరుగారు. విషయం చెప్పి, ఊపిరి తిప్పుకోకుండానే, "దేవుడు తన సమయంలో పిల్సుకున్నాడమ్మా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

మా ఊరు ఆదోని నుంచి ఆస్పరి పోయే దారిలో ఉంది. వాన పడితే పంట, లేకపోతే లేదు. దీపావళి దాటగానే సగం ఊరు సుగ్గికి పోతుంది. సుగ్గి అంటే పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు పోయే వలస. తాళాలు వేసిన ఇళ్ళు, ముసలివాళ్ళు, బడిపిల్లలు మిగులుతారు. చూసే దిక్కులేని పిల్లలంతా పెద్దమ్మ ఇంట్లోనే. ఆమె మా అమ్మకు అక్క. పెళ్ళైన ఏడాదికే మొగుడు పోయాడు, కడుపున ఎవరూ పుట్టలేదు. ఊరి పిల్లలకు జొన్నరొట్టెలు తట్టి తట్టి అరచేతులు మాత్రం కాయలు కాచాయి. నేనూ ఆ రొట్టెలు తిని పెరిగినదాన్నే.

సాయంత్రమైతే ఎవరో ఒకరం అమ్మ కావాలని ఏడుపు అందుకునేవాళ్ళం. రేపొస్తుందిలే అని ఆమె ఒక్కనాడూ అబద్ధం చెప్పలేదు. చేతిలో పని వదిలి వచ్చి పక్కన కూర్చునేది. ఒకసారి పొరుగామె ఓర్చుకోమని నన్ను గదిమితే పెద్దమ్మ ఆమె మీదికి లేచింది.

"ఓర్సుకోమంటే నోరు మూసుకోమని కాదు మే. ఏడ్సనీ. దేవుని కాడ గూడా ఏడ్సుకుంటానే కదా మనం కనిపెట్టుకోనుండేది."

ఆమె ప్రార్థన బతిమాలినట్టు ఉండేది కాదు, పోట్లాడినట్టు ఉండేది. నీ టైము నీది, కాదనను, మా చేను ఎండిపోతాండేది గూడా సూడు అనేది. వాన రాకపోతే దేవుడి మీద అలిగేది. అలిగి కూడా ఆదివారం అందరికన్నా ముందు పోయి ప్రార్థన గుడిలో చాపలు పరిచేది.

పోయిన ఏడాది ఊరు సుగ్గికి పోయాక ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. ఆదోనిలో డాక్టరు చూసి, గడ్డ ఉంది, ఆలస్యం చేయకుండా కర్నూలు పోయి ఆపరేషన్ చేయించుకోమన్నాడు. నేను ఆమె సంచి సర్దాను. ఆమె ఆ చీరలన్నీ తీసి మళ్ళీ దండెం మీద వేసింది. సెలవు పెట్టి పిల్లల్ని నేను చూసుకుంటానన్నాను. మరి ఆసుపత్రిలో నా పక్కన ఎవరుంటారు అని అడిగింది. మనుషులంతా సుగ్గిలో ఉన్నారు.

"సుగ్గి వాళ్ళు రానీ. అంతవరకు దేవుడు ఆగుతాడులే" అంది.

ఆయన ఆగలేదు.

గుంత తవ్వడానికి ఊళ్ళో గట్టి చేతులు లేవు. ముసలివాళ్ళే వంతులేసుకుని, మధ్యమధ్యలో కూర్చుంటూ తవ్వారు. పని మధ్యలో కదిలేది లేదని కూలికి తీసుకుపోయిన మేస్త్రీ చెప్పడంతో పిల్లల తల్లులు అక్కడే మిరప చేలల్లో నిలబడి ఫోన్‌లో చూశారు. ఆ ఫోన్ పట్టుకున్నది నేనే. మట్టి వేస్తుంటే సిగ్నల్ పోయింది.

మా ఊరికి క్రిస్మస్ కూడా సుగ్గి వాళ్ళు తిరిగొచ్చాకే. ఈసారి ఉగాది దాటాక, ఎండలు మండుతుండగా వచ్చింది. పాస్టరుగారు ప్రసంగంలో పెద్దమ్మను తలచుకుని, మళ్ళీ దేవుని సమయం దగ్గరికే వచ్చారు. ఆయన మంచివాడే. ఆయనకు వేరే మాట తెలియదు, అంతే. అప్పుడు, తన పిల్లలిద్దరినీ పెద్దమ్మ దగ్గర వదిలి పోయిన ఒక తల్లి లేచి నిలబడింది.

"ఆమెను పిల్సుకునే టైము దేవునికి తెలిసె. మేము సుగ్గికి పోకుండా ఈడనే బతికే టైము ఎప్పుడో, అది గూడా అడుగయ్యా."

ఆమె గొంతు పెంచలేదు. పాస్టరుగారు తల వంచుకున్నారు. గుడి రేకుల కింద కట్టిన కాగితం నక్షత్రం వడగాలికి గిరగిరా తిరుగుతోంది. ఆమె కూర్చోలేదు. జవాబు కోసం అలాగే నిలబడి ఉంది.