మూడు మండీలు గమ్మునున్న పొద్దు

నాకు కోపం ముక్కు మీదనే ఉంటాది. కడపలో పుట్టినదానివి, ఎండ నెత్తికెక్కింది అనేది మా అమ్మ. బెంగళూరు చలిగాలిలో ఇన్నేండ్లు ఉద్యోగం చేసినా అది దిగలేదు. ఆ కోపంతోనే పోయినేడు ఒక పిల్ల ఉద్యోగం ఊడగొట్టేదాకా పోయినాను.

మా కంపెనీ మందుల అంగళ్లకు బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ అమ్ముతాది. అంగట్లో అది మొరాయిస్తే సరిచేసేది మా టీం. అందరమూ ఒకచోట లేము. కొందరు బెంగళూరు ఆఫీసుకు వస్తారు, కడపలో ఉండే ఒకాయప్ప నెలకు ఒక వారం మాత్రం వచ్చిపోతాడు, పత్తికొండలో ఒక పిల్ల ఎప్పుడూ ఇంట్లో నుంచే పని చేస్తాది. పత్తికొండ ఆ పిల్ల అత్తగారి ఊరు.

ఆ పిల్లతోనే నాకు తంటా. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు టీం అంతా కంప్యూటర్లో కలుస్తాం. ఎవరి పని వాళ్లు చెప్తారు. ఈ పిల్ల మాత్రం మైకు బంద్, కెమెరా బంద్. ఏమడిగినా రెండు ముక్కలు రాసి పడేస్తాది. పనికి వంక పెట్టేదానికి లేదు, నిజం చెప్పాల. కానీ పలకరిస్తే పలకని మనిషితో ఎట్లా వేగేది? రెండేండ్లుగా ఎన్నిసార్లు చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే.

మా పెద్దసారు ఒకరోజు నన్ను పిలిచి, "దూరంగా ఉండేవాళ్ల దగ్గరికి ఒకసారి పోయి రా. మనమున్నామని వాళ్లకు తెలియాలి" అన్నాడు. బాగుంది అనుకున్నా. ఆ వెంటనే, "ఆ పత్తికొండ అమ్మాయి సంగతి కూడా తేల్చు. మీటింగుల్లో మాట్లాడకపోతే బెంగళూరుకు రమ్మను. రాలేనంటే మానేయమను" అన్నాడు. మొగుడూ సంసారమూ పత్తికొండలో పెట్టుకుని బెంగళూరుకు యాడ నుంచి వస్తాది? అంటే ఆ పిల్ల ఉద్యోగం నా ప్రయాణం మీద ఆధారపడినట్టు. నేనైతే అప్పటికే సగం తేల్చేసుకుని బయల్దేరినా.

ముందు కడపకు పోయినాను. ఆడుండే ఆయప్పకు పనిలో ఏ కష్టమూ లేదు, మాట్లాడే దిక్కు లేకపోవడమే కష్టం. కారం దోశ తింటూ మొదలుపెట్టి, ఎర్రకారం చల్లారిపోయినా ఆపలేదు. ఆఫీసులో ఎవరికి పెండ్లి కుదిరింది, కాఫీ మిషను బాగైందా, తన కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటాండారు, అన్నీ కావాల. "ఏమప్పా, నీకు మేనేజర్ కావాల్నా, పక్కింటి అక్క కావాల్నా?" అంటే, "రెండూ మీరే కదక్కా" అన్నాడు. వచ్చినందుకు మంచిదే అయింది అనుకున్నా.

ఆ సాయంత్రం కర్నూలు చేరి పత్తికొండ పిల్లకు ఫోన్ చేసినా. "రేపు మీ ఇంటికే వస్తాండా. తొమ్మిదిన్నర మీటింగులో పెద్దసారు కూడా ఉంటాడు. నువ్వు నోరు తెరిచి మాట్లాడాల. లేకుంటే నేనేమీ చేయలేను" అని కటువుగానే చెప్పినా. "సరే మేడం" అని పెట్టేసింది.

పొద్దున్నే కారు మాట్లాడుకుని ఎనిమిదిన్నరకల్లా పత్తికొండలో దిగినా. వాళ్లది టమోటా మండీ. కింద మండీ, పైన ఇల్లు. పంచె, భుజాన టవాలుతో ఆ పిల్ల మామగారు వాకిట్లోనే నిలబడి, "రామ్మా, మా కోడలి ఆఫీసరమ్మా, రా" అని పైకి పిలుచుకుపోయినాడు. అత్తగారు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. నేను కోపంగా ఉండాలనుకునే వచ్చినా, ఆ బజ్జీ తింటూ కోపంగా ఉండడం ఎవరి వల్లా కాదు. ఆ పిల్లను నీళ్లు తెచ్చి ఇచ్చేటప్పుడు చూసినా. పాతికేండ్లు దాటుంటాయి. బక్కపల్చగా ఉండాది. నీళ్లిచ్చి కంప్యూటర్ ముందర పోయి కూర్చుంది. శుభ్రమైన టేబుల్, పక్కన నోట్సు పుస్తకం. కిటికీ రెక్కలు మూసి, వాటికి అడ్డంగా ఒక దిండు కుక్కినారు. ఇదేం సోకు అనుకున్నా.

తొమ్మిది కాంగానే తెలిసొచ్చింది. కింద వేలం మొదలయింది. అబ్బ, ఏం గలాటా అది! ఆటోలు, ట్రాక్టర్లు, గంపలు దించేవాళ్ల కేకలు, వాటన్నిటి పైన పాట పాడేవాని గొంతు. మూడు మండీలు ఆనుకుని ఉండాయి, మూడింట్లోనూ ఒకేసారి పాట. దిండు ఉన్నా, పక్క మనిషి మాట నాకు వినపడలేదు.

తొమ్మిదీ ఇరవైకి టక్కున సద్దు ఆగిపోయింది.

ఏమయిందో అని వసారాలోకి పోయి కిందికి చూసినా. జనం అట్లే ఉండారు, గంపలు అట్లే ఉండాయి. మామగారు ఒక గంప ముందర నిలబడి చెయ్యి చాపినాడు, చేతి మీద టవాలు కప్పుకున్నాడు. వ్యాపారస్తులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ టవాలు కింద చెయ్యి పెట్టి ఆయన వేళ్లు నొక్కి ధర చెప్పిపోతాండారు. ఎద్దుల సంతలో దళారులు బేరం చేసే తీరు అది. ఎవరు ఎంత చెప్పినారో పక్కోనికి కూడా తెలీదు. పక్క రెండు మండీల్లోనూ అంతే. గడ్డాలు నెరిసిన మొగోళ్లు నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వేలం పాడతాండారు.

"ఏందమ్మా ఇది?" అన్నా అత్తగారితో.

ఆమె గొంతు తగ్గించి, "నిన్న నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మా కోడలు బువ్వ ముట్టలేదమ్మా. సద్దులేని గది ఉండాదని కంపెనీకి కాగితం రాసిచ్చిందంట. ఈ గలాటా తెలిస్తే బెంగళూరుకు రమ్మంటారని భయం. మొదట్లో ఒకసారి మాట్లాడబోతే ఎవరో పెద్ద మేడం, 'ఏమ్మా, ఇంట్లో ఉండావా, సంతలో ఉండావా?' అనిందంట. అందరూ పడీపడీ నగినారంట. ఆ పొద్దు నుంచి ఇంక నోరు తెరవలేదు. మా ఇంటాయన పోయి అందరినీ బతిమాలుకున్నాడు, ఒక్క గంట నోరు కట్టుకోండప్పా, మా కోడలి ఉద్యోగం అని. ఈ పని లేకపోతే పిల్ల వాడిపోతాదమ్మా. ఆ మేడం ఎవరో, దానికి నోరు ఎక్కువ."

నేనే ఆ మేడం. ఆ మాట అన్నది నాకు గుర్తు కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయినా.

లోపలికి వచ్చి కూర్చునేలోపల మీటింగు మొదలయింది. పెద్దసారు తెరమీదికి వచ్చినాడు. ఆ పిల్ల మైకు తెరిచింది, కెమెరా పెట్టింది. పొద్దున పూట అంగళ్లలో బిల్లు ఎందుకు మొరాయిస్తాందో చెప్పడం మొదలుపెట్టింది. మేము వారాల తరబడి సాఫ్ట్‌వేర్‌లో తప్పు వెతుకుతాంటే, ఈ పిల్ల అంగడివాళ్లను అడిగి కనుక్కుంది. వాళ్లు అంగడి మూసేటప్పుడు కంప్యూటర్ ఆపరు, ఏకంగా కరెంటు మెయిన్ దించేసి పోతారు, దాంతో లెక్కలు సగంలో తెగి పొద్దున మొరాయిస్తాది. "మా మామ కూడా అంతే సార్" అనింది. పెద్దసారు నవ్వినాడు. ఇంత తెలివైన మనిషినా నేను మొద్దు అనుకునింది!

"భలే అమ్మాయ్. రేపటి నుంచి రోజూ ఇట్లాగే మాట్లాడు, నువ్వు ఇంట్లోనే ఉండు, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు పెద్దసారు.

ఆ పిల్ల తల ఊపింది గానీ ముఖం పాలిపోయింది. రేపు మూడు మండీలు గమ్మునుంటాయా? ఎల్లుండి? ఇంక నా వల్ల కాలేదు. లేచిపోయి దిండు పీకి అవతల పడేసి, కిటికీ బార్లా తెరిచి, "పెద్దాయనా! టవాళ్లు తీసేయండి! గట్టిగా పాడండి!" అని అరిచినా.

కింద ఒక్క క్షణం బిత్తరపోయినారు. తర్వాత ఆపుకున్నదంతా కలిపి ఒక్కసారిగా మొదలుపెట్టినారు. ఇల్లు అదిరింది. పెద్దసారు చెవులు మూసుకుని, "ఏంటది, ఏమయింది?" అంటాడు. నేను ఆ కంప్యూటర్‌లోకి వంగి, ఈ పాట కన్నా గట్టిగా అరుస్తూ అంతా చెప్పినా. కాగితం సంగతి, టవాళ్ల సంగతి, నేనన్న సంత మాట కూడా. నాది తప్పు, ఆ పిల్లది కాదు అని చెప్పినా.

పెద్దసారు అంతా విని, "ఈ వేలం ఎప్పుడైపోతుంది?" అన్నాడు.

"పదకొండుకు సార్" అనింది పిల్ల.

"మరి మీటింగు తొమ్మిదిన్నరకు పెట్టిందెవరు?"

"నేనే సార్" అన్నా. ట్రాఫిక్ తగ్గేదాకా ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ మాట్లాడొచ్చని పెట్టుకున్నా. ఆ మాట మాత్రం చెప్పలేదు.

"మార్చుకోండి, మీ ఇష్టం. అమ్మాయి అక్కడే ఉంటుంది" అని ఆయన పోయినాడు. అత్తగారు తలుపు దగ్గర నిలబడి నా దిక్కే చూస్తాండాది. ఆ నోరెక్కువ మేడం ఎవరో ఆమెకు తెలిసిపోయింది. పోయి ఇంకో రెండు బజ్జీలు తెచ్చి నా ముందర పెట్టింది.

నేను ఆ పిల్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏ టైమైతే నీకు బాగుంటాదమ్మా?" అన్నా.

కండ్ల నిండా నీళ్లు పెట్టుకుని నవ్వింది. "రెండేండ్లయింది మేడం, నన్ను ఈ మాట అడగడం ఇదే మొదలు" అనింది.