ప్రభ మీద తిరిగిన పాలపుంత

కోటప్పకొండ తిరనాళ్ళకు మా అత్తగారి ఊరు కట్టే ప్రభను ఒక్క మాట అన్నా ఆ ఊళ్ళో మనకు మంచినీళ్ళు పుట్టవు. నేను అన్నాను. ఆకాశానికి నిలబెట్టిన వెదురు చట్రం, దాని నిండా రంగు దీపాలు, ముందు మైకు, పక్కన గుండెలదిరే డీజే. ఏడాదంతా కాలువ నీళ్ళ దగ్గర తలలు పగలగొట్టుకునే వాళ్ళు ప్రభ కట్టే రోజుల్లో అన్నదమ్ములైపోతారు. ఊరి పరువు పక్క ఊరి ప్రభ కంటే మూరెడు పైన ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ముందటేడు పక్క ఊరివాళ్ళు దీపాలతో రాకెట్‌ని పైకి లేపారు. ఆ కడుపుమంట చల్లారక మా బావగారు పోయినేడు పాలపుంత పెట్టిస్తానన్నారు. ఆయన మా ఆయనకు అన్న, ప్రభ కమిటీకి పెద్ద. ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూడగానే ఆయనకు ఖగోళ శాస్త్రం వచ్చేసింది. నేను నరసరావుపేటలో ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను కాబట్టి, మైకులో వివరించే పని నాకు అంటగట్టారు.

తిరనాళ్ళకు ముందు దీపాలు వేసి చూపించారు. మధ్యలో పసుప్పచ్చగా లావుపాటి ఉబ్బు, దాని నడుమ శివుడు, చుట్టూ చేతుల్లాగా నీలం దీపాలు. అంతవరకు బాగుంది. కానీ ఆ ఉబ్బులో దీపాలన్నీ బండిచక్రంలా ఒకే వైపు గిరగిరా తిరుగుతున్నాయి.

"ఇది తప్పు బావగారూ. అంచుల్లో ఉన్న నక్షత్రాలు అట్టా తిరుగుతయ్. నడిమి ఉబ్బులోవి అట్టా తిరగవు. ఒకటి పైనుంచి కిందికి దూకుద్ది, ఒకటి అడ్డంగా పోద్ది, ఇంకోటి ఎదురొస్తది. నడిమికి దగ్గరగా వచ్చి మళ్ళీ దూరంగా పోతయ్. మొత్తం మీద ఒకవైపు మొగ్గు ఉన్నా, దేని దారి దానిదే," అన్నాను.

"అట్టా పెడితే వైరింగు చెడిపోయిందనుకుంటారమ్మాయ్," అన్నారు బావగారు. "శివుడి చుట్టూ చక్కగా తిరగాల. మన ప్రభ మీద ఎదురు తిరిగేది ఏంది?"

లైటింగు అతను ఇంకో అడుగు ముందుకేశాడు. "మేడం, ఈ సెట్టు ఒకవైపే పోద్ది. వినాయక చవితికి దేవుడి ఎనక చక్రానికి వాడింది ఇదే."

అదీ సంగతి. చవితికి వినాయకుడి వెనక తిరిగిన దీపాలే శివరాత్రికి పాలపుంత అయ్యాయి. కమిటీ మొత్తం తలలూపింది. అంతమంది తలలూ ఒకేలా ఊగడం చూసి ఒళ్ళు మండిపోయింది.

శివుణ్ణి ఎక్కడ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. నా పదో తరగతి పిల్లలంతా ఆ తిరనాళ్ళకు వస్తారు. పుస్తకంలో లేకపోయినా, ఆ వారమే బోర్డు మీద బొమ్మ వేసి మరీ వాళ్ళకు ఈ విషయం చెప్పాను. ఇప్పుడు కమిటీవాళ్ళు నా చేతిలో పెట్టిన కాగితంలో నక్షత్రాలన్నీ భక్తితో శివుడికి ప్రదక్షిణ చేస్తున్నాయని ఉంది. బళ్ళో ఒకటి చెప్పి, అదే నోటితో మైకులో ఇంకోటి చెప్పాలి. మా ఆయన్ను అడిగితే, "చదివెయ్యవే, నీ సొమ్మేం పోయింది," అన్నారు. సైన్సంటే ఆయనకున్న గౌరవం అంత.

శివరాత్రి నాడు పొద్దుగూకగానే ప్రభ వెలిగింది. జనం నోళ్ళు తెరిచి చూశారు. నేను కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని మైకు అందుకున్నాను.

"పైకి చూడకండి. మిమ్మల్ని మీరు చూసుకోండి. ఒకళ్ళు కొండెక్కుతున్నారు, ఒకళ్ళు దిగుతున్నారు. ఒకళ్ళు జీళ్ళ కొట్టుకు అడ్డంపడి పోతున్నారు. తప్పిపోయిన పిల్ల కోసం ఒకళ్ళు వెనక్కి పరిగెత్తుతున్నారు. ఎవరూ కొండను వదిలిపెట్టి మాత్రం పోవట్లేదు. పాలపుంత నడిమిలో నక్షత్రాలూ అంతే. ఈ పైన తిరిగేది..."

బావగారు చెయ్యి ఊపారు. డీజే అందుకుంది. నా పెదాలు కదులుతున్నాయని నాకు తెలుసు, మాట నాకే వినపడలేదు. ఆ రోజు నుంచి బావగారు నాతో మాట్లాడటం మానేశారు. దానివల్ల నాకు చానా తీరిక దొరికింది.

బడి తెరిచిన రోజు పదో తరగతికి వెళ్ళాను. పాలపుంత నడిమి ఉబ్బులో నక్షత్రాలు ఎలా కదులుతాయని అడిగాను. మైకులో నేను మాట్లాడటం చూశామనీ, డీజే మోతలో ఒక్క ముక్కా వినపడలేదనీ పిల్లలు చెప్పారు. వారం కిందట నేను చెప్పిన పాఠం సంగతి ఎవరూ ఎత్తలేదు. దీపాలు మాత్రం సూపరన్నారు.

"ఇట్టా, మేడం," అంటూ క్లాసంతా చూపుడువేళ్ళు పైకెత్తి గాలిలో తిప్పింది. అన్నీ ఒకే వైపు.